పాట పుట్టిన చోటు: హార్లన్ కౌంటీ జనజీవితం

"నువ్వు ఎటువైపు?" అని నిలదీసే అమెరికన్ గని కార్మికుల పాటను నేను చాలా సభల్లో ప్రస్తావించాను. పోరాటంలోంచి సాహిత్యం ఎలా పుడుతుందో చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ పాట నాకు సిద్ధంగా వుండేది. 1931, కెంటకీ రాష్ట్రం, హార్లన్ కౌంటీ, ఫ్లారెన్స్ రీస్: ఈ నాలుగూ చెప్పి చప్పట్లు కొట్టించుకుని కూర్చునేవాణ్ణి. కిందటేడు మా బడిలో పదో తరగతి కుర్రాడొకడు లేచి, "సార్, ఇప్పుడు ఆ ఊరివాళ్ళు ఎటువైపు వున్నారు?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ ఊరు ఎలా వుంటుందో, అక్కడివాళ్ళు ఏం తింటారో, దేనితో చస్తారో నాకు తెలియదు. పాటను దాని నేలనుంచి పెకలించి తెచ్చి నా ఉపన్యాసానికి అలంకారంగా వాడుకుంటున్నానని అప్పుడు అర్థమైంది.

భౌతిక జీవితాన్ని వదిలేసి సాహిత్యాన్ని అంచనా వేయరాదని మనం ఇతరులకు చెబుతాం. మన విషయంలో మాత్రం ఆ నియమాన్ని సడలించుకుంటాం. ఈ వ్యాసం ఆ లోపాన్ని నా మేరకు దిద్దుకునే ప్రయత్నం. ఒక పాట వెనుక వున్న కౌంటీని, అక్కడి జనాన్ని, వారి బతుకుతెరువును, నిన్నటి నుంచి నేటిదాకా పరిశీలించడం దీని ఉద్దేశం.

1. నేల, జనం

కౌంటీ అంటే రాష్ట్రంలో ఒక పరిపాలనా విభాగం, మన జిల్లాలాంటిది. అయితే జనసంఖ్యలో మన మండలాల్లో చాలావాటికంటే చిన్నది. హార్లన్ కౌంటీ కెంటకీ రాష్ట్రానికి ఆగ్నేయ మూలన, వర్జీనియా సరిహద్దును ఆనుకుని, అపలాచియన్ కొండల మధ్య వుంది. 1819లో ఏర్పడింది. రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన శిఖరం, 4,100 అడుగులు దాటిన బ్లాక్ మౌంటెన్, ఇక్కడే వుంది. కంబర్లాండ్ నది పాయలు ఈ కౌంటీలోనే కలుస్తాయి. కొండకూ కొండకూ మధ్య ఇరుకైన లోయ, లోయలో వాగు, వాగు పక్కన దారి, దారి పక్కన ఇళ్ళ వరస. చదునైన నేల బహు తక్కువ. అందుకే వరద వస్తే పోయేది మొదట ఇళ్ళే. 1977 ఏప్రిల్‌లో వచ్చిన వరద హార్లన్ పట్టణాన్ని ముంచేసింది. ఆ తర్వాత కొండను తొలిచి సొరంగాలు వేసి నదినే పక్కకు మళ్ళించవలసి వచ్చింది.

జనాభా లెక్కలు చూస్తే ఈ కౌంటీ చరిత్ర అంతా కనిపిస్తుంది. 1910లో 10,566 మంది. 1920లో 31,546. 1930లో 64,557. 1940లో 75,275. అక్కడినుంచి దిగుడే. 1960లో 51,107, 1970లో 37,370, 2020లో 26,831. ముప్ఫయ్యేళ్ళలో ఏడు రెట్లు పెరిగి, తర్వాతి ఎనభయ్యేళ్ళలో మూడో వంతుకు కుంగిన జనం! దీనికి కారణం కరువూ కాదు, యుద్ధమూ కాదు. బొగ్గు ధరా, బొగ్గు యంత్రమూ.

1911లో రైలుదారి వచ్చేదాకా ఇక్కడివాళ్ళు కొండవాలు సేద్యం, కలప, వేటలతో బతికే రైతులు. రైలుకంటే ముందే వచ్చినవాళ్ళు ఖనిజ హక్కుల దళారులు. పైనేల నీదే, కిందనున్నది మాత్రం మాకమ్ము అని పత్రాలు రాయించుకున్నారు. అపలాచియన్ కొండల్లో ఆ హక్కు ఎకరానికి అర డాలరు నుంచి కొద్ది డాలర్ల దాకా పలికింది. చదువురాని రైతులు అనేకమంది సంతకం బదులు గీత గీశారు. ఆ పత్రంలో ఒక మెలిక వుంది. బొగ్గు తీయడానికి అవసరమైన పని ఏదైనా పైనేలమీద చేసుకోవచ్చు. తాతలు గీసిన ఆ గీతకు మనవలు మూల్యం చెల్లించారు. 1960లలో కొండల్ని పైనుంచి చెక్కి బొగ్గు తీసే పద్ధతి విస్తరించినప్పుడు, పైనేల యజమాని ఒప్పుకోకపోయినా తవ్వవచ్చునని న్యాయస్థానాలు తీర్పు చెప్పాయి. కెంటకీ ప్రజలు రాజ్యాంగ సవరణ ద్వారా దీనికి అడ్డుకట్ట వేసింది 1988లో. అంటే ఒక శతాబ్దపు కాలం భూమి వున్నవాడే భూమిలేనివాడుగా బతికాడన్నమాట.

2. కంపెనీ ఊరు

బొగ్గుతోపాటు కొత్తరకం ఊరు పుట్టింది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ బెనమ్‌ను కట్టింది. అమెరికన్ ఉక్కు దిగ్గజం యు.ఎస్. స్టీల్ తన అనుబంధ కంపెనీ ద్వారా 1917లో లించ్‌ను కట్టింది. లించ్‌లో ఒక దశలో పదివేల మంది దాకా నివసించారు. ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది, వైద్యుడు కంపెనీ మనిషి, బడీ చర్చీ కంపెనీ దయ. జీతంలో కొంత డాలర్లుగా కాక కంపెనీ ముద్రవేసిన బిళ్ళల రూపంలో వచ్చేది. ఆ బిళ్ళలు కంపెనీ దుకాణంలోనే చెల్లుతాయి. కూలి టన్నుకింత అని కట్టేవారు. కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, రాయి తొలగించడం, నీరు తోడడం లెక్కలోకి రాని పని. తూకం వేసేవాడు యజమాని మనిషి అయినప్పుడు టన్ను బరువెంతో వేరే చెప్పనక్కరలేదు. మన బొగ్గుబాయిల చరిత్ర తెలిసిన పాఠకులకు ఇందులో ఆశ్చర్యపడవలసినది తక్కువ.

ఇంకొక విషయం గమనించాలి. ఈ కొండజనం అంతా ఒకే తెల్లజాతి అనే అభిప్రాయం అమెరికాలోనూ ప్రచారంలో వుంది. అది పొరపాటు. లించ్, బెనమ్ గనులకు అలబామా మొదలైన దక్షిణాది ప్రాంతాలనుంచి నల్లజాతి కూలీలు వచ్చారు. హంగరీ, ఇటలీ తదితర దేశాలనుంచి వలసవచ్చినవాళ్ళు చేరారు. గనిలోపల అందరి ముఖాలూ ఒకే రంగు. బయటికి వచ్చాక మాత్రం వాడలు వేరు, బడులు వేరు. 1960ల దాకా నల్ల పిల్లలకూ తెల్ల పిల్లలకూ వేరు బడులే నడిచాయి. శ్రమలో ఒక్కటిగా వున్నవారిని నివాసంలో విడదీయడం కంపెనీకి లాభించిన ఏర్పాటు.

అయితే పాత కార్మికుల జ్ఞాపకాల్లో ఈ ఊళ్ళు నరకంగా మాత్రమే కనిపించవు. లించ్, బెనమ్‌లలో ఇళ్ళు చుట్టుపక్కల గని ఊళ్ళకంటే మెరుగు. ఆసుపత్రి, సినిమా, మంచి బడి వున్నాయి. అక్కడ పుట్టి పెరిగిన నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త విలియం టర్నర్ 2021లో వెలువరించిన పుస్తకం ఆ ఊళ్ళలోని నల్లవారి ఆత్మగౌరవాన్నీ ఇరుగుపొరుగు బంధాన్నీ చెబుతుంది. పని లేక డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, చికాగోలకు చెదిరిపోయిన ఆ కుటుంబాలవారు 1970ల నుంచి ఏటా ఏదో ఒక నగరంలో కలుసుకుంటున్నారు. దోపిడీ జరిగిన చోటనే మనుషులు ఒకరినొకరు ప్రేమించుకున్నారు. రెంటినీ కలిపి చెప్పగలిగితేనే వాస్తవికత అవుతుంది. ఒకదాన్ని దాచి రెండోదాన్ని చెబితే అది నినాదమో, లేకపోతే ఊరి బెంగో అవుతుంది.

3. 1931: పాటా, రచయితలూ

1929 సంక్షోభంతో బొగ్గు ధర పడిపోయింది. 1931 ఫిబ్రవరిలో యజమానులు కూలిని నూటికి పది చొప్పున తగ్గించారు. సంఘంలో చేరినవారిని పనిలోంచీ, కంపెనీ ఇళ్ళలోంచీ ఏకకాలంలో గెంటేశారు. ఆ కుటుంబాలు కంపెనీ సొత్తు కాని ఎవర్ట్స్ అనే చిన్న పట్టణానికి చేరాయి. మే 5న ఎవర్ట్స్ దగ్గర కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. కౌంటీ షెరీఫ్ జె.హెచ్. బ్లేర్. అతని కింద పనిచేసే డిప్యూటీల్లో అత్యధికులకు జీతమిచ్చేది గని కంపెనీలు. అంటే చట్టానికి యూనిఫారం ప్రభుత్వానిదీ, కూలి యజమానిదీ.

ఆ డిప్యూటీలు శామ్ రీస్ అనే సంఘ నాయకుణ్ణి వెతుక్కుంటూ ఇంటిమీదికి వచ్చారు. ఇంట్లో భార్య ఫ్లారెన్స్, పిల్లలు. ఆమె గని కార్మికుడి కూతురు, గని కార్మికుడి భార్య. వాళ్ళు ఇల్లంతా తిరగేసి వెళ్ళాక ఆమె గోడమీది కాలెండరు కాగితం చింపి పాట రాసింది. బాణీ తాను చర్చిలో విన్న ఒక బాప్టిస్టు కీర్తనదని తర్వాత చెప్పింది. చేతికందిన కాగితం, నోటికందిన బాణీ: ఆ పాట శిల్ప రహస్యం ఇంతే. వాదం లేదు, వర్ణన లేదు. తటస్థంగా వుండే చోటు ఈ కౌంటీలో లేదని చెప్పి, వినేవాణ్ణి ప్రశ్నిస్తుంది. కంపెనీ ఊరి నిర్మాణం తెలిస్తే ఆ ప్రశ్న కవితాత్మకమైన అతిశయోక్తి కాదని తెలుస్తుంది. ఇల్లూ, దుకాణం, పోలీసు, తూకం అన్నీ ఒకరి చేతిలో వున్నచోట మధ్య నిలబడే జాగా నిజంగానే వుండదు. 1941లో పీట్ సీగర్ బృందం దాన్ని రికార్డు చేసింది. 1960లలో నల్లవారి పౌరహక్కుల ఉద్యమం మాటలు మార్చి పాడుకుంది.

అదే ఏడాది నవంబరులో రచయితల బృందం ఒకటి ఇక్కడికి వచ్చింది. నాయకుడు 'సిస్టర్ కారీ', 'యాన్ అమెరికన్ ట్రాజెడీ' నవలల రచయిత థియొడోర్ డ్రైజర్. జాన్ డాస్ పాసస్, శామ్యూల్ ఆర్నిట్జ్ మొదలైనవారు తోడు. హార్లన్‌లోనూ, పక్కనున్న బెల్ కౌంటీలోనూ కూర్చుని గని కార్మికుల, వారి భార్యల వాంగ్మూలాలు రాసుకున్నారు. పిల్లలు ఏం తింటున్నారు, కోత ఎంత, డిప్యూటీలు ఏం చేశారు అని అడిగారు. మంత్రసాని పనిచేస్తూ పాటలు కట్టే ఆంట్ మాలీ జాక్సన్ వారి ముందు తన పాట వినిపించింది. ఈ వాంగ్మూలాలే ప్రధానంగా 1932లో 'హార్లన్ మైనర్స్ స్పీక్' అనే పుస్తకం వచ్చింది. రచయితలకు దక్కిన బహుమతి ఏమిటి? వ్యవస్థను కూలదోసే కుట్ర చేశారన్న అభియోగం. డ్రైజర్ మీద అదనంగా వ్యభిచార నేరం. ప్రశ్నకు జవాబు చెప్పలేనప్పుడు ప్రశ్నించినవాడి శీలం మీదికి పోవడం అన్ని దేశాల అధికారులకూ తెలిసిన విద్యే.

ఆ పుస్తకంలో మనం నేర్చుకోవలసింది వుంది. పేరుమోసిన నవలాకారులు తమ వర్ణనాశక్తిని చాలావరకు పక్కనపెట్టి ఎదుటివాడి మాటను రాసుకున్నారు. కాని వచ్చినవారు కొద్ది రోజులకు వెళ్ళిపోయారు. వున్నవారు తన్నులు తిన్నారు. 1932 జనవరిలో కమ్యూనిస్టుల నాయకత్వంలోని నేషనల్ మైనర్స్ యూనియన్ పిలిచిన సమ్మె విఫలమైంది. అణచివేత, ఆకలి ముఖ్య కారణాలు. మరొక కారణం కూడా వుంది. సంఘ నాయకత్వానికి దేవుడిమీద నమ్మకం లేదని తెలిసి స్థానిక కార్మికుల్లో, వారిలోని బోధకుల్లో కొందరు ఎదురు తిరిగారు. ఆ కొండల్లో బోధకుడంటే ఆదివారం వాక్యం చెప్పి సోమవారం గనిలోకి దిగే మనిషి. సంఘం అతణ్ణి అర్థం చేసుకోలేకపోయింది. ఫ్లారెన్స్ రీస్ పాట మాత్రం ఆ చర్చి బాణీలోనే నడిచింది. ఉద్యమం తప్పిపోయిన చోట పాట దారి తప్పలేదు. సాంస్కృతిక రంగంలో పనిచేసే మనం ఈ తేడాను తీరిగ్గా ఆలోచించాలి.

4. యంత్రం, ఊపిరి, బ్రూక్‌సైడ్

1937లో సెనేటర్ లాఫాలెట్ నాయకత్వాన విచారణ జరిగి డిప్యూటీల బండారం దేశానికి తెలిసింది. ఆ దశాబ్దం ముగిసేనాటికి యునైటెడ్ మైన్ వర్కర్స్ సంఘం హార్లన్‌లో నిలదొక్కుకుంది. కూలి పెరిగింది. సంఘం సంక్షేమ నిధితో 1956లో హార్లన్‌లో పెద్ద ఆసుపత్రి వెలిసింది. ఇదంతా గెలుపే. కాని అదే కాలంలో సంఘం యంత్రీకరణకు అంగీకరించింది. వందమంది చేసే పనిని యంత్రం పక్కన కొద్దిమందే చేయసాగారు. 1950 నుంచి 1970 దాకా కౌంటీ జనాభా దాదాపు సగానికి పడిపోయింది. వెళ్ళినవారు ఒహాయో, మిషిగన్ కార్ఖానాల్లో చేరారు. 1960లలో సంఘం నిధులు తరిగి ఆ ఆసుపత్రి కూడా చేతులు మారింది.

యంత్రం ఉద్యోగం తీయడమే కాదు, దుమ్మునూ పెంచింది. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మనిషిని మెల్లగా ఊపిరాడకుండా చంపే జబ్బును అక్కడ నల్ల ఊపిరితిత్తి అంటారు. 1969లో చట్టం వచ్చాక ఆ జబ్బు తగ్గుముఖం పట్టింది. ఇప్పుడు మళ్ళీ పెరిగింది. మందమైన పొరలు అయిపోయి పల్చటి పొరలు మిగలడంతో బొగ్గుతోపాటు రాయినీ కోయవలసి వస్తోంది. రాతిపొడిలోని సిలికా బొగ్గు దుమ్ముకంటే ప్రమాదం. ఇరవయ్యైదేళ్ళకు పైగా పనిచేసిన గని కార్మికుల్లో, మధ్య అపలాచియాలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు వున్నట్టు 2018లో ప్రభుత్వ పరిశోధకులు వెల్లడించారు.

1973 జూలైలో బ్రూక్‌సైడ్ గని కార్మికులు సమ్మెకు దిగారు. గని యజమాని ఈస్టోవర్ కంపెనీ, దాని వెనుక డ్యూక్ పవర్ అనే విద్యుత్ సంస్థ. అమెరికా చంద్రుడి మీదికి మనిషిని పంపి నాలుగేళ్ళయినా, బ్రూక్‌సైడ్ కంపెనీ ఇళ్ళలో కొళాయి లేదు, లోపల మరుగుదొడ్డి లేదు. గనిముందు నిలబడే కార్మికుల సంఖ్యను న్యాయస్థానం పరిమితం చేసింది. అప్పుడు ఆడవాళ్ళు వచ్చి దారికి అడ్డం నిలబడ్డారు. తీర్పు కార్మికుల మీద గాని, భార్యల మీద కాదు కదా! పదమూడు నెలలు సాగిన సమ్మె, ఒక యువ కార్మికుడు తుపాకి గుండుకు బలైన తర్వాతగాని 1974 ఆగస్టులో ఒప్పందానికి రాలేదు. బార్బరా కోపుల్ ఆ ఆడవాళ్ళ మధ్యనే వుండి తీసిన 'హార్లన్ కౌంటీ, యు.ఎస్.ఎ.' 1976లో విడుదలై ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ పొందింది. ఆ చిత్రంలో ముదుసలి అయిన ఫ్లారెన్స్ రీస్ సభలో లేచి నలభయ్యేళ్ళనాటి తన ప్రశ్నను మళ్ళీ పాడుతుంది. ఆమె 1986లో మరణించింది.

5. ఇప్పుడు ఎటువైపు?

ఇక మా కుర్రాడి ప్రశ్న. ఇప్పటి హార్లన్‌లో గని ఉద్యోగాలు వందల్లోకి దిగాయి. ఉన్న జీతాలు ఎక్కువగా ఆసుపత్రి, బడి, ప్రభుత్వ కార్యాలయాలు, దుకాణాల్లో. జనంలో దాదాపు మూడో వంతు పేదరిక రేఖకు దిగువన వున్నారు. నడుం విరిగినవారికీ, ఊపిరి చెడినవారికీ వచ్చే వైకల్య భృతి చాలా కుటుంబాలకు ఆధారం. 1990ల చివరినుంచి నొప్పి మాత్రల వ్యసనం తూర్పు కెంటకీ అంతటా ఇళ్ళను కూల్చింది. నొప్పి నిజమైనదే, గనిలో పొందినదే. మందు పేరుతో అంగట్లో పెట్టింది మాత్రం మరొక పరిశ్రమ. మురుగునీరు గొట్టంగుండా తిన్నగా వాగులోకి పోయే ఇళ్ళు ఆ కొండల్లో ఇంకా వున్నాయి. నల్లజాతివారు నూటికి ఇద్దరు ముగ్గురే మిగిలారు. 2015 తర్వాత కెంటకీ మొత్తంలో సంఘం వున్న బొగ్గు గని ఒక్కటి కూడా లేదు.

2000 దాకా అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రాట్లను గెలిపించిన ఈ కౌంటీ 2004 నుంచి రిపబ్లికన్ల వెంట నడిచింది. 2016లోనూ 2020లోనూ నూటికి ఎనభైకి పైగా ఓట్లు ట్రంప్‌కు పడ్డాయి. ఈ వాస్తవాన్ని దాచి 1931నీ 1974నీ మాత్రమే చెప్పడం విమర్శకుడికి తగదు. "చైతన్యం పడిపోయింది" అని ఒక్క మాటతో కొట్టేయడమూ తగదు. సంఘం వున్నప్పుడు కార్మికుడికి యజమాని ఒక పక్క, తాను ఒక పక్క కనిపించారు. సంఘం పోయాక, గని మూతపడటమే అసలు భయమైనప్పుడు, బొగ్గును కాపాడతానన్నవాడు తనవాడిగా కనిపించాడు. బొగ్గు యజమానికీ బొగ్గు కార్మికుడికీ తేడా చెరిగిపోయింది. అది చెరపడానికి దశాబ్దాలపాటు డబ్బు ఖర్చయింది కూడా.

అయితే 2019 జూలైలో బ్లాక్‌జువెల్ అనే కంపెనీ హఠాత్తుగా దివాలా తీసింది. కార్మికుల ఖాతాల్లో పడిన జీతం వెనక్కి పోయింది. తాము తవ్విన బొగ్గు మాత్రం రైలెక్కి పోతోంది. జూలై చివర్లో కంబర్లాండ్ పట్టణం దగ్గర కొద్దిమంది కార్మికులు పట్టాలమీద కూర్చున్నారు. కూలి ఇవ్వందే బొగ్గు కదలదన్నారు. సంఘం లేదు, నాయకుడు లేడు. భార్యలు, పిల్లలు, చర్చివాళ్ళు, వంటకాలు తెచ్చే ఇరుగుపొరుగు చేరి పట్టాలమీద గుడారాల ఊరు వెలిసింది. దాదాపు రెండు నెలలు రైలు కదల్లేదు. తర్వాత బకాయి కూలికి ఒప్పందం కుదిరింది. ఓటు వేసిన చేయీ, రైలును ఆపిన చేయీ ఒకటే. ఒక మనిషిలో ఈ రెండూ ఎలా ఇముడుతాయో చూపగలిగేది లెక్కల పట్టిక కాదు, కథా నవలా మాత్రమే.

ఆ పని అక్కడివారే చేస్తున్నారు. ఇటలీకి చెందిన అలెసాండ్రో పోర్టెల్లి ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ వచ్చి ఇక్కడివారి నోటిమాటలు సేకరించి కౌంటీ చరిత్రను గ్రంథస్థం చేశాడు. డ్రైజర్ బృందం కొద్ది రోజుల్లో చేసిన పని అతను ఓపికతో చేశాడు. కంబర్లాండ్ కళాశాల తోడ్పాటుతో స్థానికులే తమ జీవితాలను, నొప్పి మాత్రల విషాదంతో సహా, నాటకాలుగా ఆడుకుంటున్నారు. వాటిలో పాలుపంచుకున్న రాబర్ట్ గైప్ 2015లో 'ట్రాంపొలిన్' నవల తెచ్చాడు. బెనమ్‌లోని బొగ్గు గనుల మ్యూజియం కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి 2017లో కప్పుమీద సౌర ఫలకాలు పెట్టుకుంది. ఇంత పదునైన వ్యంగ్యం కల్పించడానికి మనలో ఎవరికీ సాహసం చాలదు.

మా కుర్రాడికి ఇప్పుడు ఏమని చెప్పను? "ఎటువైపు" అన్నది ఒకసారి జవాబు చెప్పి వదిలించుకునే ప్రశ్న కాదని చెబుతాను. అది సంఘం, కూలి, ఇల్లు, నమ్మకం అన్నిటిమీదా ఆధారపడి ప్రతి తరంలోనూ మళ్ళీ తేలవలసిన ప్రశ్న. ఇకమీదట ఆ పాట గురించి మాట్లాడేటప్పుడు, దానికంటే ముందు టన్ను తూకం గురించీ, కొళాయి లేని ఇంటి గురించీ చెబుతాను. సభలో చప్పట్లు కొంచెం ఆలస్యమవుతాయి. కానివ్వండి.